తీగను పడుకోబెట్టడం

షావత్ కాలవకి నిన్న నీళ్లు కట్టేశారు.
అడుగున మిగిలిన బురదలో
ఒక చెప్పు, రెండు సీసాలు, కాస్త ఆకాశం.
ఇక చిల్లా దగ్గరపడ్డట్టే.
నలభై రోజుల చలి,
పొమ్మన్నా లేవని చుట్టం.

అంజూరానికి మా ఆయన దూది కోటు తొడిగాను.
గుండీలు పెట్టి నడుముకి తాడు బిగించాను.
ఆయన పోయి మూడేళ్లు,
కోటుకింకా డీజిల్ వాసన.
మసక చీకట్లో ఎవరో వచ్చి నిలబడ్డట్టుంటే
టీ పెట్టనా అని అడగబోయాను.

దానిమ్మ కొమ్మల్ని జడలా దగ్గరికి లాగి
కట్టి, వంచి, మన్ను కప్పాను.
ఆప్రికాట్ మొదళ్లకి సున్నం,
క్యారెట్లు ఇసుక గోతిలో,
కొళాయి మెడకి గోనెపట్టా.
ఇవన్నీ ఒక్క మనిషితో అయ్యే పనులు.

ద్రాక్ష అలా కాదు.

దాని వేరు నా పెరట్లో.
ఒళ్లంతా గోడ దాటి
రోజ్మత్ పందిరి మీద.
మా మామగారు నాటిననాడు నడుమ గోడ లేదు.
గోడ తర్వాత వచ్చింది.
తీగకి ఎవరూ చెప్పలేదు.

ఏప్రిల్లో నా వంతు నీళ్లు
అతని ఉల్లిమడిలోకి పోయాయి.
మళ్లించాడో, వాటంతటవే మళ్లాయో.
తెల్లారకముందే పార పట్టుకుని
నేనన్న మాటలు వీధంతా విన్నది.
అతనన్నవి నేనొక్కదాన్నే విన్నాను.
అవి ఇంకా ఉన్నాయి.
అప్పట్నించి రెండిళ్ల మధ్య
కోళ్లవే రాకపోకలు.

రేపు రాత్రికి మైనస్ పదిహేనని రేడియో.
పొద్దున నేల తెల్లగా కనిపిస్తే
అప్పుడే మంచా అని గుండె జారింది.
వేలితో అద్ది నాలిక్కి రాసుకున్నాను: ఉప్పు.
మా నేలింతే,
నీళ్లు పోగానే కడుపులోది పైకి కక్కుతుంది.

కత్తెర తీసుకుని మొదలుపెట్టాను.
పిలవలేదు.
గోడ అవతల నిచ్చెన ఆనించిన చప్పుడు.
పందిరి కట్లు ఒక్కొక్కటే తెగుతున్నాయి.
తర్వాత తీగ బరువు
గోడ మీదుగా నా భుజం మీదికి
కొంచెం కొంచెంగా దిగింది.
అవతల ఎవరో వదులుతున్నారు, ఆపుతున్నారు,
ఆపుతున్నారు, వదులుతున్నారు.

తీగను వంచడం తెలియాలి.
బలం చూపిస్తే విరుగుతుంది,
జాలి చూపిస్తే వంగదు.
ముసలి తీగ మోకాలు లాంటిది,
ముందు మూలుగుతుంది, ఆనక ఒప్పుకుంటుంది.

మూడో వంపు దగ్గర పటుక్కుమంది.
ఇద్దరం ఉన్నచోటే బిగిసిపోయాం.
గోడ మీద ఒక గొర్రెతోలు టోపీ లేచింది,
దాని కింద ఊపిరి పొగ.
"బెరడేనా?"

ఏడు నెలల్లో మొదటి మాట.

గోరుతో గీకి చూశాను.
లోపల పచ్చగా, తడిగా.
"బెరడే" అన్నాను.

వీధి చుట్టూ తిరిగి తన పారతో వచ్చాడు.
గుమ్మంలో దగ్గి ఆగాడు.
నేను గోతిలోంచి తలెత్తలేదు,
కొంచెం పక్కకి జరిగాను.
అతను దిగాడు.

రెల్లు చాపలు పరిచి తీగను పడుకోబెట్టి
పైన మళ్లీ చాపలు, పైన మన్ను.
రెండు జానలు పోశాక నేను పార ఆనించాను.
"ఇంకో జాన పడాలి."
"మామగారు రెండే పోసేవారు."
"అప్పటి చలి వేరు."
"అప్పటి మనుషులూ వేరు."
అనేశాక నాలిక కరుచుకున్నాను.
అతనేం అనలేదు,
తన చేతికందే సగం మీద
మూడో జాన పోసుకుంటూ పోయాడు.

ఇప్పుడు గోడ పక్కన పొడుగాటి మట్టి దిబ్బ,
సగం పొట్టిది, సగం పొడుగుది,
పొంతన లేని భార్యాభర్తల్లా.

నీళ్ల సంగతి అతనెత్తలేదు.
నేనూ ఎత్తలేదు.
వెళ్తూ వెళ్తూ అంజూరం ముందు ఆగి
ఊడిపోయిన పై గుండీ పెట్టాడు.
పార మాత్రం
నా గోడకే ఆనించి మరిచిపోయాడు.
మార్చిలో తవ్వాలిగా,
ఉండనీ అని
నేనూ అరవలేదు.